మా దారిపెట్టెకు చెవి ఉండాలి

మొదటి నమోదు. సోమవారం, ఎండ బాగా ఎక్కాక.

మండలి పెద్దలకు తేలూరు నుంచి మైలపల్లి నూకరత్నం చెప్పుకునేది. చెప్పుకునేది అన్నాను గానీ బతిమాలుకునేది కాదు, ఆ సంగతి ముందే రాసిపెట్టుకోండి. నాకు అక్షరం రాదు. మా వరస దారిపెట్టె ముందు కూర్చుని, తెప్ప మీద ఆరబోసిన చేపలు తిరగేస్తూ ఈ మాటలు చెబుతున్నాను. పెట్టెలో ఉన్న చెవి బిళ్ళ విని వీటిని అక్షరాలు చేస్తోంది. మీరిది చదువుతున్నారంటే ఆ బిళ్ళ సవ్యంగా ఉన్నట్టే. నా వాదంలో సగం అక్కడే గెలిచాను.

మీ కాగితాల్లో దీన్ని రౌటర్ అంటారు. మాకు దారిపెట్టె. తేలూరులో తెప్పల వరసకొకటి ఉంటుంది. ఎవరికి వచ్చిన కబురు ఏ వైపు వెళ్ళాలో అది చూసుకుంటుంది. లోపల అరలు, అరల్లో బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో ఒక్కో పని తెలిసిన ప్రోగ్రాం. దారులు గుర్తుపెట్టుకునేది ఒకటి. దొంగ కబుర్లను ఆపే కాపలాది ఒకటి. పొరుగు పెట్టెలను పలకరించేది ఒకటి. తెప్ప కదిలి వెళ్ళేటప్పుడు సెలవు తీసుకునేది ఒకటి. మా మాట వినేది ఈ చెవిది. ఏదైనా చెడితే దాన్నే లాగి ఇంకొకటి దోపుతాం. మిగతావి తమకేమీ పట్టనట్టు పని చేసుకుంటూనే ఉంటాయి. ఉడుకుతున్న కుండ దించకుండా పొయ్యిలో కట్టె మార్చినట్టు.

మీకు తెలిసిన సంగతే మళ్ళీ చెబుతాను, నా నోట వినండి. మొన్నటి పెనుగాలికి ముందు హెచ్చరిక కబురు మా పెట్టెకు వేళకే వచ్చింది. లోతు నీళ్ళలో వేటకెళ్ళిన మా తమ్ముడు పోలయ్యకు మాత్రం గాలి వచ్చి వెళ్ళిపోయాక అందింది. వాడి తెప్ప చీలింది. కుడిచెయ్యి రెండు దుంగల మధ్య పడి నలిగింది. వాడింకా లోతు వరసలోని ఆస్పత్రి తెప్ప మీదే ఉన్నాడు.

మీరు ఇంజనీరును పంపారు, ఆజ్ఞ కూడా పంపారు. అమావాస్యలోగా తప్పు ఎక్కడుందో తేలకపోతే మా పెట్టె తీసేసి ఏకపెట్టె పెడతారట. దానికి అరలుండవు. మూత తెరవకూడదు. దానికి చెవి లేదు, వేళ్ళతో రాస్తేనే కబురు కదులుతుంది. మా వరసలో రాయడం వచ్చినవాడు అప్పలకొండ బావ ఒక్కడే. అంటే ఆ రోజు నుంచి మేమంతా మూగవాళ్ళం. మీ లెక్కలో అది మరమ్మతు. నా లెక్కలో నోరు కుట్టెయ్యడం. దాని మీదే నా దావా.

ఇంజనీరు పేరు కృత్తిక. వచ్చినప్పటి నుంచి అలల ఊపుకు వాంతులు చేసుకుంటోంది, అయినా పెట్టె దగ్గర నుంచి లేవడం లేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది. కానీ మొదటి రోజే చెవి బిళ్ళ మీద చెయ్యి వేసింది.

“మామ్మగారూ, ఇది మండలి చేసిన బిళ్ళ కాదు. మీ ఊళ్ళో చేసుకున్నది. పెట్టెను నెమ్మది చేసేది ఇదేనని నా అనుమానం.”

అది మా ఊరివాళ్ళు ఇంటింటికీ తిరిగి, మా మాటలు పోగేసి కట్టిన బిళ్ళ. నా గొంతు అందులో ఉంది. నేను తిట్టిన తిట్లూ ఉన్నాయి.

“అనుమానముంటే లాగి సూడు,” అన్నాను. “నానేటి అడ్డం కూకున్నానా? కానీ దాన్నొక్కదాన్నే కాదు. అన్నిట్నీ వరసలో నిలబెట్టి లాగు. దొంగెవుడో తేలాలంటే ఊరందర్నీ అడగాల, పొరుగూరి నుంచొచ్చినోణ్ణి ఒక్కణ్ణే కాదు.”

ఆ పిల్ల సరేనంది.

రెండో నమోదు. మంగళవారం, పొద్దు వాలాక.

ఇవాళ నా వయసు వెనక్కి పరిగెత్తింది. పెట్టె బతికుండగానే దాని పేగులు ఒక్కొక్కటీ బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టాం. అది చావలేదు. చావదని నాకు తెలుసు, కానీ కళ్ళారా చూడటం వేరు.

ఒక బిళ్ళ లాగడం, ఆస్పత్రి తెప్ప మీదున్న పోలయ్యకు ఒక పరీక్ష కబురు పంపడం, వాడి దగ్గర నుంచి జవాబు ఎప్పుడొస్తుందో చూడటం. బిళ్ళ తియ్యగానే కబురు చురుగ్గా వెళ్ళిందంటే దొంగ అదే. పని ఇంతే.

ముందు కాపలా బిళ్ళ లాగాం. కాపలా లేదని ఏ దిక్కున తెలిసిందో గానీ సముద్రంలో ఉన్న చెత్త కబుర్లన్నీ మా పెట్టెలో దూరాయి. ఉప్పునీళ్ళలో కాసే మామిడి అంటుమొక్కలు కొంటారా అని ఒకడు. మీ తెప్పకు దిష్టి తీస్తామని ఇంకొకడు. ఒంటరి ఆడమనిషిని కనక పెళ్ళాడతానని ఎవరో నాకే రాశాడు. దాన్ని అప్పలకొండ బావ రెండుసార్లు చదివి వినిపించాడు, రెండోసారి ఎవరూ అడగలేదు. పోలయ్య కబురు మాత్రం ఎప్పటిలాగే ఆలస్యం. కాపలా బిళ్ళ నిర్దోషి.

తర్వాత పలకరింపు బిళ్ళ. అది తియ్యగానే పక్క వరస పెట్టె మమ్మల్ని మరిచిపోయింది. ఆ పెట్టె చూసుకునేది మా సింహాద్రమ్మ వదిన. తన పెట్టె మీద మా వరస దీపం ఆరిపోయేసరికి తెప్ప అంచున నిలబడి, బతికున్నారా లేదా అని నీళ్ళకు అడ్డంగా కేకలు పెట్టింది. బతికే ఉన్నాం, ఇంజనీరు పరీక్ష చేస్తోందని నేను అరిచాను. ముందే చెప్పి చావొచ్చు కదా అని ఆమె అరిచింది. పెట్టెలు లేని కాలంలో మా అమ్మ వాళ్ళు ఇలాగే బతికారు కాబోలు. ఆ బిళ్ళ కూడా నిర్దోషే.

దారుల బిళ్ళ మార్చి మీ మండలి నుంచి తెచ్చిన కొత్తది పెట్టాం. అదే ఆలస్యం. కృత్తిక ముఖం చిన్నబోయింది. ఆ బిళ్ళ తనే రాసిందట. పర్లేదమ్మా, నీ బిళ్ళ కూడా దొంగ కాదని తేలింది కదా అన్నాను. నవ్వింది, వాంతి చేసుకుంది.

రేపు చెవి వంతు.

మూడో నమోదు. బుధవారం.

ఇది రాస్తున్నది వంక అప్పలకొండ. చెవి బిళ్ళ తీసేశారు గనక నూకరత్నం చెబుతుంటే నేను చేత్తో రాస్తున్నాను. మండలిని ఉద్దేశించి ఆమె అన్న మొదటి నాలుగు మాటలు వదిలేస్తున్నాను. అన్నీ రాశావా అని అడుగుతోంది. రాశానన్నాను.

ఆమె చెప్పేది: పొద్దున్నే తన చేత్తోనే చెవి బిళ్ళ లాగి ఇంజనీరుకు ఇచ్చింది. పరీక్ష కబురు పంపారు. జవాబు రాలేదు. పొద్దెక్కింది, చేపలు తిరగేశారు, నాచు తాళ్ళు కడిగారు, అప్పటికీ రాలేదు. ఎప్పుడూ వచ్చే వేళకే, ఎప్పుడూ వచ్చినట్టే ఆలస్యంగా వచ్చింది. కాబట్టి చెవి తీసినా పెట్టినా ఒకటే. చెవి దొంగ కాదు. ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాయమంటోంది. రాశాను.

ఇంజనీరు కూడా ఒప్పుకుంది. మిగిలిన సెలవు బిళ్ళ తెప్ప కదిలేటప్పుడే పలుకుతుంది గనక దాన్ని లాగి చూసినా ఏమీ తేలదట. అయితే చెవి కాదని తేలితే చాలదట, తప్పేదో దొరకాలట, ఆజ్ఞ అలా ఉందట. దాని మీద నూకరత్నం అన్నది రాయడం లేదు.

ఇది ఆమె చెప్పమనలేదు, నేను చూసి రాస్తున్నాను. మధ్యాహ్నం ఆస్పత్రి తెప్ప నుంచి పోలయ్య తనంతట తను పలికాడు. చెయ్యి నొప్పిగా ఉందప్పా అని అక్కతో అన్నాడు. వాడి గొంతు పెట్టెలోంచి బాగానే వినబడింది. ఆమె జవాబు చెప్పడానికి పెట్టె ముందుకు వంగి నోరు తెరిచింది. పెట్టె వినదని అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకుంది. రాసి పంపుతాను, ఏం చెప్పమంటావు అని నేనడిగాను. ఆమె నా వైపు చూడలేదు. చిన్నప్పటి నుంచి ఈ మనిషిని ఎరుగుదును. ఆమె నోట మాట లేకపోవడం నేను చూడటం ఇదే మొదలు.

ఏం రాస్తున్నావు అంత సేపు అని అడుగుతోంది. ఏమీ లేదన్నాను.

నాలుగో నమోదు. గురువారం, భోజనాల గొడవ అయ్యాక.

చెవి మళ్ళీ అరలోకి వచ్చింది, నేనూ వచ్చాను. దొంగ దొరికాడు. ఉండండి, కూర్చుని చెబుతాను.

అప్పలకొండ బావకు ఇల్లాలు పోయాక తిండి మా ఇద్దరి మీద. ఒక పూట నా తెప్ప మీద, ఒక పూట సింహాద్రమ్మ తెప్ప మీద. ఇవాళ మధ్యాహ్నం మేం తినేశాం, కుండ కడిగేశాం. అప్పుడు చూస్తే బావ తన తెప్ప మీద మోకాళ్ళు ముడుచుకుని, మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

“ఏటి బావా, తిన్నావేటి?” అన్నాను.

“ఎవులు పెట్టేరు?”

“వొదిన పెట్టలేదా?”

అటు నుంచి సింహాద్రమ్మ లేచింది. “నీ కాడ తింతన్నాడనుకున్నానే. నువ్వు పిలిసీసినావని నాను ఊరుకున్నాను.”

“నువ్వు పిలిసీసినావని నానూ ఊరుకున్నాను.”

“ఇద్దరూ ఒకరి పేరు ఒకరు సెప్పుకోండి,” అన్నాడు బావ. “నా కడుపు ఈ మద్దిన అటూ ఇటూ ఈత కొడతాది.”

కృత్తిక నా పక్కనే కూర్చుని గంజి తాగుతోంది. గ్లాసు కింద పెట్టేసింది. పోలయ్య తెప్ప వేటకెళ్ళకముందు ఎక్కడ కట్టి ఉండేది అని అడిగింది. మా వరసకూ సింహాద్రమ్మ వరసకూ నడుమ అన్నాను. అంటే రెండు పెట్టెలకూ వాడు తెలుసు. వాడు వెళ్ళేటప్పుడు సెలవు బిళ్ళ ఏమని చెప్పింది అని అడిగింది.

ఏమని చెబుతుంది? వస్తాను అంది. గడప దాటేవాడెవడైనా పోతున్నాను అంటాడా? మా సెలవు బిళ్ళ రాసినవాళ్ళు మావాళ్ళే. పోయాను అనే మాట దానికి నేర్పలేదు.

ఆ పిల్ల లేచి నిలబడింది. తెప్ప ఊగుతున్నా ఈసారి దానికి కళ్ళు తిరగలేదు. పోలయ్య వెళ్ళాడని ఎవరూ చెప్పకపోతే ఏం జరిగిందో చెప్పింది. హెచ్చరిక కబురు మా పెట్టెకు వచ్చింది. పోలయ్య మా దగ్గర కనబడలేదు గనక పక్కింట్లో ఉంటాడని మా పెట్టె దాన్ని సింహాద్రమ్మ పెట్టెకు తోసింది. ఆ పెట్టె కూడా వెతికి, లేడు గనక నూకరత్నం దగ్గరే ఉంటాడని వెనక్కి తోసింది. ఇది అటు, అది ఇటు. లోతు వరస పెట్టె, వాడు మా దగ్గరున్నాడని మొత్తుకుంటున్నా అది దూరపు మాట. మా పెట్టెలు దగ్గరి మాటనే నమ్ముతాయి. పొరుగు మీద అంత నమ్మకం. అలా తోసుకుని తోసుకుని, రెండూ అలిసిపోయాక గానీ దూరపు మాట చెవికెక్కలేదు. ఈలోగా గాలి వచ్చి నా తమ్ముడి చెయ్యి తీసుకుంది.

బావ కడుపూ, పోలయ్య కబురూ ఒకే చోట తప్పిపోయాయి. నేను కృత్తిక భుజాలు పట్టుకుని ఊపేశాను. తర్వాత బావకు అన్నం వండాను. రెండు తెప్పల మీద నుంచీ పెట్టాం, చెరో కుండ.

ఐదో నమోదు. శుక్రవారం.

దొంగ దొరికాడు, పట్టుకోవడానికి మాకు చేతులు రావడం లేదు.

కృత్తిక చెప్పిన మందు చిన్నది. తెప్ప వెళ్ళేటప్పుడు సెలవు బిళ్ళ ‘పోయాను’ అని చెబితే చాలు, రెండు పెట్టెలూ వాడి దారి చెరిపేసుకుంటాయి. మీ ఏకపెట్టె అలాగే చేస్తుందట. వరసల వాళ్ళందరినీ పిలిచి ఆ మాట చెప్పింది. ఎవరూ అరవలేదు, అరిస్తే బాగుండేది. అందరూ లేచి తమ తెప్పల మీద పని వెతుక్కున్నారు.

సింహాద్రమ్మ మాత్రం ఉండి అంది. “సముద్రం మీదకెళ్ళినోడి పేరు సెరిపేయమంతావేటమ్మా? ఆడు తిరిగొచ్చీసరికి ఆడి సోటు లేకపోతే ఎటొస్తాడు?”

పిల్ల నా వైపు చూసింది. నీ చెవి నిలబడాలంటే ఇదొక్కటే దారి, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను చెప్పలేదు. చెప్పలేను కూడా. నా తమ్ముడు ఆస్పత్రి తెప్ప మీద ఉండగా, నా పెట్టె వాడి గురించి పోయాడని ఊరంతా చాటుతుందా? నా నోరు పోయినా సరే అన్నాను. అన్నాక భయం వేసింది, ఎందుకంటే అది నిజంగానే పోతుంది.

సాయంత్రం ఊరికే కూర్చోలేక సింహాద్రమ్మ తెప్ప మీదకెళ్ళాను. అక్కడ పోలయ్య మోకు చుట్ట చుట్టి ఉంది. మాలో ఎవరైనా తెప్ప విప్పుకుని వెళ్ళేటప్పుడు కట్టుమోకు కొస ఒక్క మనిషి చేతికిచ్చి వెళతారు. ఇద్దరికి ఇవ్వరు. ఆ చోట ఇంకెవరైనా తెప్ప కట్టాలన్నా, వెళ్ళినవాడు ఏమయ్యాడో తెలియాలన్నా కొస పట్టినవాళ్ళనే అడగాలి. మిగతావాళ్ళు ఊహించి చెప్పకూడదు, చెబితే తప్పు. వాడు వేటకెళ్ళేటప్పుడు కొస నాకు కాక సింహాద్రమ్మకిచ్చాడని ఆమె మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. అది వేరే సంగతి.

మోకు చేత్తో పట్టుకుని అక్కడి నుంచే కృత్తికను కేకేశాను.

“పిల్లా, పెట్టె సేత పోయానని సెప్పించకు. కొస ఇచ్చినానని సెప్పించు.”

దానికి మొదట అర్థం కాలేదు. విడమరిచాను. వెళ్ళే తెప్ప ఒక్క పెట్టెకు కొస ఇవ్వాలి. ఆ ఒక్క పెట్టే వాడి గురించి జవాబు చెప్పాలి. మిగతా పెట్టెలన్నీ నోరు మూసుకుని దాన్నే అడగాలి. కొస పట్టిన పెట్టె దగ్గరి ఊహలు నమ్మకూడదు, వెళ్ళినవాడు ఎక్కడ తేలితే ఆ మాటే నమ్మాలి. పేరు చెరగదు, చోటు చెరగదు, కబురు తిరగదు.

కృత్తిక నీళ్ళలో పడకుండా తెప్పల నడుమ చెక్క మీద పరిగెత్తుకొచ్చింది. మరి కొస పట్టిన పెట్టె చెడిపోతే, అని అడిగింది. కొస పట్టిన మనిషి చచ్చిపోతే ఏం చేస్తారని తనే మళ్ళీ అడిగింది. వాళ్ళ ఇంటి పెద్దదానికి వస్తుంది అన్నాను. అయితే పెట్టెకూ వారసురాలుండాలి అని తనే గొణుక్కుంటూ బిళ్ళలు రాసే పలక ముందు కూర్చుంది. అది నాకు తోచని సంగతి.

ఆరో నమోదు. ఆదివారం, గాలి చల్లగా ఉంది.

కొత్త సెలవు బిళ్ళ తయారైంది. నిన్నంతా కృత్తిక రాసింది, నేను అడ్డుపడ్డాను. వారసురాలి సంగతి రాయడం కష్టమైందట. ఇవాళ పొద్దున్న రెండు వరసల పెట్టెల్లోనూ పాతది లాగి కొత్తది దోపింది. పెట్టె దీపం ఒక్క క్షణమైనా రెప్ప వెయ్యలేదు. అదే సమయంలో సింహాద్రమ్మ పెట్టెలో ఎవరితోనో తన కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతోంది, ఆ మాట తెగలేదు. దారుల బిళ్ళకు తెలియదు, కాపలాకు తెలియదు, చెవికి తెలియదు, పక్క అరలో మనిషి మారిందని.

పోలయ్య కొస సింహాద్రమ్మ పెట్టెకే ఇచ్చాం. నేను ఊరుకున్నాను.

పరీక్ష కబురు నేనే పలికాను. ఒరే తమ్ముడా, విన్నావా అని. పాతరోజుల్లో అయితే చేపలు తిరగేసుకోవచ్చు, నాచు కడుక్కోవచ్చు. నేను పలికి నోరు మూశానో లేదో వాడి గొంతు వచ్చేసింది.

“అప్పా, సెవి కాడ అరిసినట్టుంది. ఏటి, ఊళ్ళోకొచ్చీసినానా?”

బావ, సింహాద్రమ్మ, కృత్తిక, ముగ్గురూ నన్ను చూస్తున్నారు. నేను పెట్టె ముందుకు వంగి, వాడు పుట్టిన దగ్గర నుంచి వాడికి చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. చాలాసేపు పట్టింది. పెట్టె అంతా విన్నది.

ఏడో నమోదు. విచారణ అయ్యాక. ఇది మండలికి కాదు, మా వరసల కోసం.

మండలివాళ్ళు విచారణను పెట్టెల మీదే పెట్టారు. అక్కడ ఒక చిక్కు. వాళ్ళ దగ్గరున్నది ఏకపెట్టె, నేను మాట్లాడితే దానికి వినబడదు. రాయించి పంపమన్నారు. నా దావాయే అది, నేను రాయించనన్నాను. చివరికి వెనక్కి వెళ్ళిన కృత్తిక వాళ్ళ కళ్ళ ముందే సీలు పగలగొట్టి, పక్కన ఒక అర తగిలించి, మా చెవి బిళ్ళ నకలు అందులో పెట్టింది. ఆ ఒక్క రోజుకే అని అధ్యక్షుడు వీరభద్రం గారు షరతు పెట్టారు.

ఆయన చెడ్డవాడు కాదు. అడగాల్సిందే అడిగారు. ఊరికో బిళ్ళ ఉంటే ఏది ఎప్పుడు చెడుతుందో ఎవరికి తెలుస్తుంది, ఏకపెట్టె అయితే అంతటా ఒకేలా ఉంటుంది, ఒకచోట బాగుచేస్తే అన్నిచోట్లా బాగుపడుతుంది అన్నారు. తర్వాత నెమ్మదిగా అసలు మాట అన్నారు.

“నూకరత్నం గారూ, ఏకపెట్టె ఉండి ఉంటే మీ తమ్ముడి చెయ్యి పోయేది కాదు. అది పోయాననే చెప్పేది. దీనికి మీ జవాబేమిటి?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాత్రుళ్ళు దాని మీదే పడుకున్నాను.

“నిజమే బావూ,” అన్నాను. “ఈ తప్పు జరిగీది కాదు. ఇంకోటి జరిగీది. మడిసి రాసిన దేన్లోనైనా తప్పుంటాది, మీదాంట్లోనూ ఉంటాది. మా పెట్టెలో తప్పు మాకు కనపడింది, ఒక్క బిళ్ళ మార్సినాం, మీ ఇంజనీరే మార్సింది. మీ మూసీసిన పెట్టెలో తప్పొస్తే, అది మీకు సెప్పడానికి మాకు నోరుండదు. మా కేక మీకు ఇనపడకపోతే అంతా బాగుందనుకుంతారు.”

అటు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం వినబడింది.

తీర్పు ఇది. తేలూరు పెట్టెలు అరలతోనే ఉంటాయి. చెవి ఉంటుంది. ఇకపై కొత్త బిళ్ళ ఏది పెట్టినా ఇంజనీరు వచ్చి, మాతో కూర్చుని పరీక్షించాకే పెట్టాలి. ఆ షరతు నాకు మింగుడుపడలేదు గానీ ఒప్పుకున్నాను, కృత్తిక మళ్ళీ మళ్ళీ వస్తుంది గదా. మండలి పెట్టెలోని చెవిని మాత్రం సాయంత్రానికి తీసెయ్యాలన్నారు.

వరసలన్నీ కేకలేశాయి. బావ తెప్ప మీద చిందేసి జారిపడ్డాడు. ఆ గోలలో పెట్టెలోంచి ఎవరో పిలవడం నాకు మొదట వినబడలేదు. కొత్త గొంతు, ఆడగొంతు, భయంభయంగా.

“ఓలప్పా, ఇందాక మాటాడింది నువ్వేనా? నాను తవిటమ్మని. మండలి మెట్లు కడుగుతాను. ఈ పెట్టెకి సెవి ఎట్టినారంట గదా. మా సెల్లి తెప్ప ఎటెల్లిందో తెలీక శానా కాలమైంది. నానూ మాటాడొచ్చా?”

మాట్లాడమన్నాను. ఆమె వెనక ఇంకొకామె, వలలు కుట్టేదట, పేరు చెప్పింది. ఆమె వెనక ఒక ముసలాయన దగ్గు. ఆ వెనక చాలా కాళ్ళ చప్పుడు. ఇంతలో కృత్తిక అందుకుంది.

“మామ్మగారూ, పొద్దు గుంకుతోంది. అధ్యక్షుడుగారు నా పక్కనే ఉన్నారు, బిళ్ళ తియ్యమంటున్నారు. ఇక్కడ మెట్ల కింద దాకా జనం వరస కట్టారు. ఏం చెయ్యమంటారు?”

“పెద్దాయన్ని వరస సివర నిలబడమను,” అన్నాను. “ఆరి వంతు వొచ్చినాక అడుగుతారు.”